గవాక్షిలోంచి దిగిన బీరువా

మా అత్తగారింట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండేది, నా పట్టుచీరకు తప్ప.

ధర్మవరం నుంచి బత్తలపల్లె పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త నడిస్తే వచ్చే పల్లె అది. రాతి గోడలు, మట్టి మిద్దె. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. ఇప్పటి పిల్లల ఇళ్ళల్లో గోడకు గోడే అలమరా, దానికి జారుడు తలుపు. అప్పుడు గోడల్లో ఉన్నవి గూళ్ళే. దీపానికి ఒక గూడు, దువ్వెనకూ కాటుకకూ ఒక గూడు, మా మామ పొడుం డబ్బాకు ఒక గూడు. ఉతికినవీ ఉతకనివీ గుడ్డలన్నీ ఒకే దండెం మీద వేలాడేవి. పప్పులూ చింతపండూ కుండల దొంతిలో, ఒకదాని మీద ఒకటి. అడుగు కుండలోది కావాలంటే పైనున్న ఐదు కుండలూ దించాలి. ఆ అడుగు కుండలో ఏముందో మా అత్తకు తప్ప ఎవరికీ తెలియదు, ఎవరూ ఓపిక చేసుకొని చూడలేదు కూడా.

ఇంటి నడుమ, కప్పులో, వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ వదిలిన కంత ఉంటుంది. దాన్ని గవాక్షి అంటాం. ఆ వెలుతురు పడే చోటికి కొంచెం ఎడంగా గోడ మూల ఒక మూట ఉండేది. అది విత్తనపు శెనిక్కాయల మూట, మీరు వేరుశెనగ అంటారే, అవి. మాకున్న నాలుగెకరాల చేనులో పోయినేడు అరకొరగా పండిన కాయల్లోంచి మా అత్త ఒక్కొక్కటీ ఏరి దాచినవి. ఇంట్లో సంగటిలోకి ఊరిబిండి పచ్చడి తప్ప మరేమీ లేని నెలల్లో కూడా ఆమె ఆ మూట ముడి విప్పలేదు. నా మరిది ఒకసారి నాలుగు గింజలు జేబులో వేసుకున్నందుకు వీధి చివరిదాకా తరిమింది.

ఇక నా పట్టుచీర సంగతి. మా నాయన ధర్మవరంలో మగ్గాలు చేసే వడ్రంగి. ఒక నేతగానికి కొత్త మగ్గం చేసి ఇస్తే, ఆయన కూలికి బదులు ఆ మగ్గం మీద దిగిన తొలి చీర ఇచ్చాడు. మామిడిపండు రంగు, వంకాయ రంగు అంచు. నా పెళ్ళికి అదే చీర. మా నాయన తానే చేసిన కొయ్యపెట్టెలో దాన్ని మడిచి పెట్టి నన్ను పంపాడు. బండల ఇంట్లో పెరిగినదాన్ని, మట్టి నేల మీద కొయ్యపెట్టె పెడితే ఏమవుతుందో నాకేం తెలుసు?

ఉగాదికి ముందు పెట్టె తెరిచాను. పెట్టెకు అడుగు లేదు. ఉన్నదల్లా ఎర్రమట్టి. చెదలు పెట్టె అడుగంతా తినేసి, చీర లోపలి చెరగు జానెడు మేరకు జల్లెడ చేసి పెట్టాయి. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు పాము అనుకొని కట్టెలు పట్టుకొని వచ్చారు.

నాకు కోపం ఎక్కువ. ఇప్పుడూ ఎక్కువే, అప్పుడు ఇంకా ఎక్కువ. రెండు పూటలు అన్నం మానేశాను. మూడోపూట ఆకలికి తాళలేక తిన్నాను గానీ, తింటూనే ప్రతిజ్ఞ చేశాను. తలుపులూ తాళమూ ఉన్న బీరువా ఈ ఇంటికి వచ్చేదాకా పట్టుచీర ఒంటి మీద వెయ్యను, పండగైనా సరే, పెళ్ళైనా సరే. ధర్మవరంలో ఒక పట్టు షావుకారు ఇంట్లో చిన్నప్పుడు ఒక బీరువా చూశాను. తలుపు తెరిస్తే కర్పూరం వాసన వచ్చేది. అందులో చీరలు ఒకదాని మీద ఒకటి హాయిగా పడుకొని ఉండేవి. అప్పటి నుంచీ నా కన్ను దాని మీదే.

ఉగాది వచ్చింది. నేను నూలుచీరలో తిరిగాను. ఊరి ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమ్మే, కోడలి పట్టుచీర యాడ పెట్టినావు? అమ్ముకొని తిన్నారా ఏంది?" అని మా అత్తనే అడిగారు. మా అత్త తల కొట్టేసినట్టయి ఇంట్లోకి వచ్చి నా మీద పడింది.

"మీ నాయన చేసిన పెట్టెనే గదా చెదలు తినింది! మా ఇంటి మీద ఎందుకు ఏడుస్తావు?"

నేను ఊరుకుంటే కదా. "మా నాయన అయితే నెల తిరక్కుండా బీరువా చేసి పెడతాడు. ఈడ ఉండేది బండ్లు చేసేవాళ్ళు, బీరువా అంటే ఏం తెలుసు?" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన ఎదురైతే తలుపు చాటుకు తప్పుకోవాలి. పెళ్ళయి ఏడాది దాటినా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆయనకు వినబడేలా మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు. ఆ మాట వీధి అరుగు మీద కూర్చున్న మా మామ చెవిలో పడాలనే అన్నాను, పడింది.

మా మామ ఆ చుట్టుపక్కల పేరున్న బండ్ల వడ్రంగి. బండ్లు, మడకలు, విత్తనాలు వేసే గొర్రులు, ఇవే ఆయన లోకం. మా ఆయనా తండ్రి దగ్గరే పని. కానీ రెండేళ్ళుగా సరైన వాన లేదు. దున్నేవాడు లేకపోతే మడక ఎవరికి? బాగు చేసిన మడకలు పది వీధి వైపున్న మా పని కొట్టం గోడకు వరసగా ఆనించి ఉండేవి, తీసుకుపోయే దిక్కు లేక. వాటి యజమానులు మాత్రం పొద్దున్నే కొట్టానికి వచ్చి కూర్చొని, మబ్బుల్ని తిట్టి, మధ్యాహ్నానికి ఇంటికి పోయేవారు.

మర్నాడు పొద్దున మా అత్త గడపలో నిలబడి నన్ను పిలిచింది.

"మీ మామ అడుగుతాండాడు, బీరువా అంటే ఎట్లుంటాదో చెప్పల్లంట."

నా గుండె గంతులేసింది. నేను తలుపు చాటున, మామ అరుగు మీద, మా ఇద్దరి నడుమ అత్త. మామ మాట నాకు వినబడుతూనే ఉంది, నా మాట ఆయనకూ వినబడుతూనే ఉంది. అయినా మా అత్త ఒక్కొక్క మాటా మోసి అటు ఇటు చేరవేసింది.

"ఎంత ఎత్తుండల్ల?" అన్నాడు మామ.

"ఎంత ఎత్తుండల్లంట?" అంది అత్త నాతో.

నేను తలుపు వెనక మునివేళ్ళ మీద లేచి, చెయ్యి పైకెత్తి, "ఇంత" అన్నాను. మా అత్త నా వేలికొసను తేరిపార చూసి, అటు తిరిగి, తన చెయ్యి పైకెత్తి, "ఇంతంట" అంది. మా అత్త నాకన్నా జానెడు పొడుగు. ఆ జానెడూ అక్కడే కలిసింది. వెడల్పూ అంతే. నేను చాచింది నా చేతులు, మామ చూసింది ఆమె చేతులు.

బండి కోసమని ఎండబెట్టి దాచుకున్న వేప పలకలు కిందికి దిగాయి. వేపకు చెదలు రావు, అందుకని. కాళ్ళకు తుమ్మ మొద్దులు. ఇనప మేకు ఒక్కటి లేదు, అంతా కొయ్య సీలలే. బండి చక్రంలో ఆకుకొయ్యలు దిగగొట్టినట్టు దిగగొట్టాడు. ఒకసారి కొట్టిన సీల మళ్ళీ వెనక్కి రాదు, అది ఆయన చేతి పని. పలకకూ పలకకూ నడుమ సూది మొన దూరదు. పని లేని రైతులంతా చుట్టూ కూర్చొని తలా ఒక సలహా ఇచ్చారు. వాళ్ళలో ఒకాయనకు చెవులదాకా పాకిన మీసాలు, ఆ మీసాలంత గొంతు.

"ఏం ఆచారీ, పైన కిరీటం ల్యాకపోతే అదేం బీరువా? గొడ్ల చావిడి మాదిరి ఉండాది" అన్నాడాయన.

మామ ఆ మాటా విన్నాడు. మూరెడు ఎత్తు కిరీటం, దాని మీద ఎదురెదురుగా రెండు చిలకలు చెక్కాడు. ఒక చిలక ముక్కు కాస్త కాకి ముక్కులా వచ్చింది. ఆఖరికి లోపలా బయటా నాలుగు పూతలు కానుగ నూనె పట్టించాడు. ఇరవై రోజుల్లో బీరువా లేచి నిలబడింది. నాలుగు అరలు, రెండు తలుపులు, మా ఆయన ధర్మవరం పోయి తెచ్చిన ఇత్తడి తాళం. అద్దం లేదు గానీ, నాకు ఆ పూట అద్దం ఎందుకు? ఆ వేప వాసన, కానుగ వాసన పీల్చుకుంటూ దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో.

మా అత్త తాళంచెవి నా చేతిలో పెట్టి, నలుగురూ వినేలా మాట ఇచ్చింది. "ఇది నీది. దీంట్లో నేను పూచిక పుల్ల పెట్టను, ఎవర్నీ పెట్టనియ్యను. ఇంక ఆ ఏడుపు మొహం మాని పట్టుచీర కట్టుకో."

"లోపలికి చేరినాక కడతా" అన్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఆరుగురు మగవాళ్ళు బీరువా ఎత్తి వాకిటి దాకా తెచ్చారు. అక్కడ ఆగారు. మా ఇంటి ద్వారబంధం రాతిది. ఎంతటివాడైనా తల వంచి లోపలికి రావాలి. బీరువా తల వంచదు కదా! పక్కకు పడుకోబెట్టి చూశారు, వెడల్పు పట్టలేదు. ఏటవాలుగా తిప్పి చూశారు, చిలకలు తగిలాయి. సీలలు విప్పుదామంటే అవి వెనక్కి వచ్చే రకం కాదు. మామ ఆ రాతి ద్వారం వంక, తన బీరువా వంక మార్చి మార్చి చూశాడు. నలభై ఏళ్ళుగా ఆయన చేసినవన్నీ బయట పుట్టి బయటే తిరిగేవి. ఆయన చేసిన వస్తువేదీ ఒక వాకిలి దాటి లోపలికి పోవాల్సిన పని అంతవరకూ పడలేదు. వాకిలి కొలవాలన్న ఆలోచన ఆయనకే కాదు, ఇరవై రోజులు చుట్టూ కూర్చున్న అంతమంది రైతుల్లో ఒక్కరికీ తట్టలేదు.

"చక్రాలు కూడా తగిలించు, ఎద్దుల్ని కట్టి ఊరేగిద్దాం" అంది మా అత్త. అందరూ పగలబడి నవ్వారు.

నేను నవ్వలేదు. తలుపు చాటు నుంచే, బాగా వినబడేలా, "మా నాయన అయితే ముందు వాకిలి కొలుస్తాడు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మామ కొట్టంలోకి పోయి కూర్చున్నాడు, ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు. నా కోసం బండి పలకలు కోసి, ఇరవై రోజులు వంచిన నడుం ఎత్తకుండా పని చేసిన మనిషిని పదిమందిలో అంత మాట అన్నాను. క్షమించమని అడుగుదామంటే ఆయనతో మాట్లాడే ఆచారమే లేదాయె. అత్తతో చెప్పి పంపుదామంటే నోరు రాలేదు. ఇలాంటి మాట ఇంకొకరి నోట మోయించేది కాదు.

పది రోజులు బీరువా వాకిట్లోనే ఉంది, గోనెపట్టాలు కప్పుకొని. మేకలు దానికి ఒళ్ళు రుద్దుకున్నాయి. పిల్లలు దాగుడుమూతలకు అందులో దూరారు. తాళం వేద్దామంటే ఎవరో ఒక పిల్లవాడు లోపలే ఉండేవాడు. ఎదురింటి కోడి అడుగు అరలో మూడు గుడ్లు పెట్టింది. వాటి కోసం మా అత్తకూ ఎదురింటావిడకూ జరిగిన వాదన ఇంకో కథ. కోడి నీదైతే బీరువా నాది, గుడ్డు పుట్టింది నా బీరువాలో అని మా అత్త న్యాయం.

పరిష్కారం చెప్పింది ఆ మీసాల రైతే. "వాకిట్లో పట్టకపోతే కప్పులోంచి దించండప్పా. ఎట్లా చవుడు మార్చల్ల గదా."

నిజమే. మిద్దె మీద ఏటేటా వానలకు ముందు పాత మన్ను గోకి, కొత్త చవుడు మన్ను పరుస్తారు. లేకపోతే కురుస్తుంది. ఎలాగూ పైకెక్కి మన్ను గోకుతారు కాబట్టి, గవాక్షి చుట్టూ నాలుగు కట్టెలు తీసి, రెండు దూలాల నడుమ నుంచి బీరువాను నిలువునా దించి, మళ్ళీ కప్పేయడం ఒక పూట పని.

"వాన వస్తే?" అంది మా అత్త, మూలనున్న విత్తనాల మూట వంక చూస్తూ. వారం ముందే ఆ కాయలన్నీ మేమిద్దరం కూర్చొని ఒలిచి, గింజలు మళ్ళీ మూట కట్టాం. వాన కోసం చూసే ఇంట్లో గింజ తయారుగా ఉండాలి. ఒలిచిన గింజ తడిస్తే ఇక మట్టిలోకి పనికి రాదు.

"వానా!" అన్నాడు మీసాల రైతు. "మూడు రోజుల్లో వాన పడితే నా మీసాలు గొరిగిచ్చుకుంటా, పో."

మర్నాడు పది మంది మిద్దె ఎక్కారు. మిద్దె అంతా పాత మన్ను గోకి కుప్ప పోశారు. గవాక్షి చుట్టూ కట్టెలు తీస్తే ఇంటి నడుమ ఆకాశం కనబడింది. వాకిట్లోంచి బీరువాను మోకులతో మిద్దె మీదికి లాగారు, అక్కడి నుంచి లోపలికి దించడం మొదలుపెట్టారు. కింద నేనూ అత్తా. నేను ముందే తలంటు పోసుకొని, పట్టుచీర ఒడిలో పట్టుకొని కూర్చున్నాను, నేలకు దిగగానే పసుపు కుంకుమ పెట్టి అందులో పెడదామని. మామ మిద్దె మీద నిలబడి, "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు. రెండు చిలకలూ ఆకాశం లోంచి మా మీదికి దిగుతున్నాయి.

బీరువా కాళ్ళు నేలకు ఇంకా జానెడు ఎత్తున ఉండగా దుమ్ము లేచింది. ఆ వెంటనే చల్లటి గాలి. ఒక చినుకు కాకి ముక్కు చిలక మీద పడింది, రూపాయంత చినుకు. పైన అందరి చేతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"వాన!" అన్నారెవరో, దొంగ దొరికినట్టు.

మోకులు వదిలేశారు. బీరువా దబ్బున నేల మీద నిలబడింది. కిర్రుమనలేదు, ఒక్క సీల కదలలేదు. పైన అడుగుల చప్పుడు, మిద్దె దిగి పరుగులు. తొలివాన తడి నేలలో నిలిచేది రెండు మూడు రోజులు. ఆ పదును ఆరేలోపు దున్నాలి. పదును ఎవరి కోసమూ ఆగదు. రెండేళ్ళుగా గోడకు ఆనిన మడకలన్నీ ఆ క్షణంలో కావలసి వచ్చాయి. "మళ్ళా వస్తాం ఆచారీ!" అని అరుస్తూనే కొట్టం మీద పడ్డారు. ఎవరి మడక ఏదో తేల్చడానికి మా ఆయనా వాళ్ళ వెంట పోయాడు. మిద్దె మీద మా మామ ఒక్కడే మిగిలాడు, బండి మీద కప్పే చాప ఒకటి పట్టుకొని.

నేను బీరువాకు గబగబా బొట్టు పెట్టి, పై అరలో చీర పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. అంతే, ఆకాశం విరుచుకుపడింది.

గవాక్షిలోంచి మాత్రమే కాదు, గోకిన మిద్దె ఇల్లంతా కురిసింది. ఎర్రనీళ్ళు. మా అత్త విత్తనాల మూట ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చింది, ఆ మూలా కురిసింది. పొయ్యి దగ్గరికి ఈడ్చింది, అక్కడా కురిసింది. వీధి కొట్టమూ బోదగడ్డి కప్పే, అదీ జల్లెడే. మూటను ఒళ్ళో పెట్టుకొని దాని మీద వంగిపోయింది, పసిబిడ్డను దాచుకున్నట్టు. ఆమె వీపు మీద నీళ్ళు కారుతున్నాయి. ఇంట్లో తడవని చోటు ఒకే ఒక్కటి ఉంది. అది నడి ఇంట్లో, వాన కిందే నిలబడి, నెత్తి మీద దబదబ మోగుతున్నా ఒక్క చుక్క లోపలికి రానివ్వకుండా ఉంది. మా అత్త దాని వంక చూడలేదు. పూచిక పుల్ల పెట్టనని నలుగురిలో మాట ఇచ్చిన మనిషి, అడిగితే అడిగినట్టవుతుందని తల కూడా అటు తిప్పలేదు.

నేను తాళం తీశాను.

"అత్తా, చేట తీసుకో!"

మూట అరల్లో పట్టదు. మూట విప్పి, చేటలతో ఎత్తి, ఒట్టి అరల్లో గింజలు పోశాం. ఒక అర, రెండు అరలు, మూడు అరలు. మూటలో ఇంకా కొన్ని మిగిలాయి. నాలుగో అరలో నా చీర ఉంది. మా అత్త చేట పట్టుకొని ఆగింది.

"చాల్లే మ్మీ. మిగిలినవి తడిస్తే తడవనీ, ఏంచుకొని తిందాం" అంది నవ్వడానికి చూస్తూ. ఆకలి నెలల్లో కూడా తిండికి ఆ మూట ముడి విప్పని మనిషి అన్న మాట అది. చీర లాగి చంకలో పెట్టుకున్నాను. ఆ అర కూడా నింపి, తలుపు మూసి, తాళం వేశాను.

ఇప్పుడు చీర ఎక్కడ పెట్టాలి? దండెం కారుతోంది, గూళ్ళల్లో నీళ్ళు, నా పెట్టెకు అడుగే లేదు. చీర పట్టుకొని నడి ఇంట్లో గిరగిర తిరిగాను. మా అత్త నన్ను చూసి చూసి ఒక్కసారిగా నవ్వింది. ఏడాదిలో ఆమె అంత నవ్వు నవ్వడం నేను చూడలేదు.

"ఇంకా యాడ దాస్తావే పిచ్చిదానా! కట్టుకో! బీరువా వచ్చినాక కడతానంటివే, వచ్చింది గదా!"

ఆ వానలో, నడి ఇంట్లో, తడి నూలుచీర మీదే పట్టుచీర చుట్టుకున్నాను. మా అత్త కుచ్చిళ్ళు పట్టింది. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

అప్పుడు పైన కంతలోంచి మామ తల వంచి చూశాడు. తలపాగా జారిపోయి, మీసాల నుంచి నీళ్ళు కారుతూ, చేతిలో చాప గాలికి కొట్టుకుంటూ. ఆయన కళ్ళు మొదట మూల వైపు పోయాయి. అక్కడ మూట లేదు. తడిసిన గోనె మాత్రం నేల మీద పడి ఉంది.

"ఏమ్మే! విత్తనాలు పాయెనా?" అని అరిచాడు అత్తను. ఆ గొంతులో ఏడుపు ఉంది.

మా అత్తకు నవ్వుతో ఊపిరి తిరగడం లేదు, జవాబు చెప్పలేకపోయింది. అంతవరకు ఆచారమంటే ఆచారమే నాకు. కానీ ఆ మొహం చూశాక ఏ ఆచారమూ గుర్తు రాలేదు. తల పైకెత్తి, వాన నోట్లో పడుతుండగా, నేనే అరిచాను.

"లేదు మామా! బీరువాలో పోసినాం! ఒక్క గింజ తడవలే!"

విత్తనాలు దక్కినందుకో, కోడలు పిలిచినందుకో, ఆయన మొహం ఎంత విప్పారిందో చెప్పలేను. చాప వదిలేశాడు. అది గాలికి ఎటో ఎగిరిపోయింది.

"అట్లయితే తడవనీ ఇల్లు!" అన్నాడు.

నేను వీధిలోకి పరుగెత్తాను. ఊరంతా వీధిలోనే ఉంది. ముసలివాళ్ళు, పిల్లలు, బాలింతలతో సహా అందరూ తడుస్తున్నారు. "ఏమ్మే, పండగకు కట్టని పట్టుచీర ఇప్పుడా కట్టేది!" అని ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నా చీర అంచులోని వంకాయ రంగు దిగి పసుపులోకి పాకింది. నాకేం బాధ కలగలేదు. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు.

మూడో రోజు మాటకు కట్టుబడి మీసాల రైతు నున్నటి పెదవితో మా వాకిట్లోకి వచ్చాడు. మా మరిది ఆయన్ను గుర్తుపట్టక, "ఎవరు కావల్ల?" అని అడిగాడు.

మా చేనులో విత్తనం పడింది. మిద్దె మీద కొత్త చవుడు పడింది, గవాక్షి మళ్ళీ మునుపటంత అయింది. చీర ఉతికి ఆరేసి బీరువాలో పెట్టాను. కానుగ వాసన, వేప వాసన, వాటి మీద పచ్చి శెనిక్కాయల వాసన. ఆ మూడో వాసన ఎన్నేళ్ళయినా పోలేదు.

శెనిక్కాయ చేనులు పసుపుపచ్చ పూలు పూసిన రోజుల్లో మా నాయన చూడవచ్చాడు. బీరువా సంగతి ధర్మవరం దాకా పోయింది మరి. వచ్చీ రాగానే దాని ముందు నిలబడ్డాడు. తలుపు తెరిచాడు, మూశాడు, చప్పుడు కాలేదు. అతుకుల మీద బొటనవేలు రాశాడు, వేలికి ఏమీ తగల్లేదు. సీలలు లెక్క చూశాడు.

"నేను ఇట్ల చేయలేను బావా" అన్నాడు మా మామతో. మామ నేల చూపులు చూశాడు. తరువాత మా నాయన వాకిలి వంక తిరిగాడు, మళ్ళీ బీరువా వంక తిరిగాడు, కనుబొమలు ముడిచాడు. "అయితే బావా, ఇది లోపలికి ఎట్ల వచ్చింది?"

మామ పొడుం డబ్బా మూతతో తంటాలు పడసాగాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"వానతో పాటు వచ్చింది నాయనా. మా మామ చేసిన బీరువా, అది వాకిట్లోంచి ఎందుకొస్తాది?"

మా నాయనకు ఏమీ అర్థం కాలేదు. మామ మొదటిసారి తల ఎత్తి నా వంక చూశాడు. పాత అలవాటు పోదు కదా, నేను మూరెడు దూరంలో నిలబడి ఉన్నా అత్త వైపే తిరిగి అన్నాడు.

"ఇంకొక అర ఏమన్నా కావల్లేమో, కోడల్ని అడుగు."

అత్త నా వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమెను చెప్పనివ్వలేదు నేను.

"కావల్ల మామా. అడుగున ఒకటి, పెద్దది. విత్తనాలకు."